డిటెక్టర్ కొన్నారు సరే, ఇసుక దేంతో తోడుతారు?

మెటల్ డిటెక్టర్ కొనేముందు నెల రోజులు వీడియోలు చూస్తాం, తెలిసినవాళ్లందరినీ అడుగుతాం, చివరికి ఉన్న డబ్బంతా దాని మీదే పెట్టేస్తాం. తవ్వే పనిముట్టు దగ్గరికొచ్చేసరికి "ఇసుకే కదా, చేత్తో అయినా తీసేయొచ్చు" అనిపిస్తుంది. నేనూ అలాగే అనుకుని మొదటి ఆదివారం మేస్త్రీలు వాడే తాపీ ఒకటి సంచిలో వేసుకుని విశాఖ ఆర్కే బీచ్‌కి వెళ్లాను. పొడి ఇసుకలో ఎంత తీస్తే అంతా పక్కల నుంచి జారి మళ్లీ గోతిలోకే వచ్చేది. సిగ్నల్ మాత్రం అక్కడే మోగుతూ ఉండేది, వస్తువు ఇంకాస్త కిందికి దిగేది. పావుగంట కుస్తీ పడితే ఐదు రూపాయల పసుప్పచ్చ బిళ్ల బయటపడింది. దాని మొహం మీద తాపీ గీసిన గీతలు మూడు. అదే ఎవరిదైనా ఉంగరమై ఉంటే?

పక్కనే వేరుసెనక్కాయలు అమ్మే ఆవిడ అంతసేపూ చూసి "ఏటి పోనాది బాబూ?" అంది. ఏమీ పోలేదంటే నమ్మలేదు.

ఆ తర్వాత రెండేళ్లలో నాలుగు పనిముట్లు మార్చాను. వాటిలో రెండు పైసా ఖర్చు లేకుండా ఇంట్లోనే దొరికినవి, ఒకటి వెల్డింగ్ షాపులో చేయించింది, ఒకటి అనవసరంగా కొన్నది. నాకు తెలిసొచ్చింది ఒకటే. ఇసుక స్కూపులో, అంటే ఇసుకని తోడి జల్లించే చిల్లుల బుట్టలో, డబ్బు పెట్టాల్సింది పేరు మీద కాదు, చిల్లుల మీద, మెడ మీద (బుట్టా కామా కలిసే చోటు). మిగతాదంతా ఎక్కడైనా సర్దుకోవచ్చు.

ముందు మీరు తవ్వే ఇసుక చూడండి

బీచ్ మొత్తం ఒకటే ఇసుక కాదు. జనం చాపలు వేసుకుని కూర్చునే పై ఒడ్డు పొడిగా, వదులుగా ఉంటుంది. పోటుకి మునిగి ఆటుకి బయటపడే పట్టీ తడిగా, గట్టిగా, సిమెంటు వేసినట్టు ఉంటుంది. ఆ కింద నీళ్లు.

విదేశీ వీడియోల్లో నడుము లోతు నీళ్లలో దిగి పెద్ద పెద్ద స్టీలు స్కూపులతో తోడుతుంటారు. అది చూసి మనకీ అలాంటిదే కావాలనిపిస్తుంది. వద్దు. విశాఖ తీరంలో అల వెనక్కి లాగే లాగుడు ఎలాంటిదో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. ఆర్కే బీచ్‌లో ఏటా ప్రాణాలు పోతూనే ఉన్నాయి. ఒక చేతిలో డిటెక్టర్, ఇంకో చేతిలో స్కూపు, చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మోకాలు దాటి నీళ్లలోకి దిగడం తెలివైన పని కాదు. అంటే నీళ్ల కోసం చేసిన ఖరీదైన స్కూపు మీకు అక్కర్లేదు. అక్కడే సగం ఖర్చు మిగిలింది.

పై ఒడ్డున మాత్రమే తిరుగుతామనుకుంటే చేత్తో పట్టుకునే చిన్న స్కూపు చాలు. తడి పట్టీలోకి వెళ్తేనే పొడుగు కామ ఉన్నది కావాలి. మన దగ్గర పెద్ద పోటు రోజుల్లో కూడా నీరు ఎక్కి దిగే ఎత్తు సుమారు ఒకటిన్నర మీటరే, కాబట్టి ఆటుకి బయటపడే పట్టీ మరీ వెడల్పుగా ఉండదు. అమావాస్యకి, పున్నమికి అటూ ఇటూ రెండు మూడు రోజులు చూసుకుని వెళ్తే ఆ పట్టీ కాస్త ఎక్కువ దొరుకుతుంది.

నూనె డబ్బాతో మొదలుపెట్టండి

మొదటి నెల ఏమీ కొనకండి. ఇంట్లో ఐదు లీటర్ల నూనె డబ్బా, పిడి ఉన్నది, గట్టి ప్లాస్టిక్‌ది చూడండి. కిరాణా కొట్లో పప్పు తోడడానికి ఇలాంటి డబ్బానే కోసి వాడతారు, మీరు చూసే ఉంటారు. మూత బిగించి ఉంచండి. పిడి చేతిలో ఇమిడేలా పట్టుకుని, అడుగు భాగాన్ని ఏటవాలుగా కోసేయండి. పిడికి ఎదురుగా ఉన్న పక్క పొడుగ్గా మిగలాలి, అదే ఇసుకలోకి దూరే పెదవి. తర్వాత డ్రిల్లుతో 8 మిల్లీమీటర్ల చిల్లులు వరసగా వేయండి. పెదవి అంచు నుంచి మూడు వేళ్ల మేర మాత్రం చిల్లులు వద్దు, అక్కడ వేస్తే చీలిపోతుంది. కాల్చిన మేకుతో చిల్లులు పెడితే పొగ కళ్లు మండిస్తుంది, పైగా అంచులు గడ్డకట్టి ఇసుక పట్టేస్తాయి. డ్రిల్లు లేకపోతే వీధి చివర వడ్రంగిని అడగండి, ఐదు నిమిషాల పని.

ఈ డబ్బాకి స్టీలు స్కూపుకి లేని సుఖం ఒకటుంది. ప్లాస్టిక్ కాబట్టి డిటెక్టర్ దాన్ని పట్టించుకోదు. తోడిన ఇసుకతో సహా కాయిల్ (డిటెక్టర్ కొసన ఇసుక మీద తిప్పే చక్రం) ముందు అలా ఊపితే, మోగిందా వస్తువు డబ్బాలో ఉంది. మోగలేదా ఇంకా గోతిలోనే ఉంది. స్టీలు స్కూపుతో ఈ పని కుదరదు. స్కూపే మోగుతుంది. ఇసుక ఒలకబోసి దాని మీద కాయిల్ తిప్పి చూసుకోవాలి.

బూందీ గరిటె కూడా వాడి చూశాను. చిల్లులు బాగుంటాయి, కానీ లోతు లేదు, సగం ఇసుక పక్కలకి ఒలికిపోతుంది. తడి ఇసుకలో రెండో తోడుకే కాడ వంగిపోయింది. ఇంట్లో ఆ గరిటె ఎలా వంగిందో చెప్పుకోవడం ఇంకో కథ.

ఇక నేను అనవసరంగా కొన్నానన్నది మొక్కలకి వాడే చిన్న చేతిపార. మట్టిలో నాణేలు తవ్వేవాళ్లకి అది మంచి పనిముట్టే. ఇసుకలో తాపీ చేసిన తప్పే అదీ చేస్తుంది: కోస్తుంది, కానీ వడకట్టదు. తొలిక, బొరిగె, గునపం అన్నీ ఇదే కోవ. పదునైన అంచు ఉన్నదేదీ ఇసుకలో గుడ్డిగా దించకండి.

చిల్లులు: ఇక్కడ తొందరపడొద్దు

స్కూపు కొనేవాళ్లు ముందు ఎంత పెద్దదో చూస్తారు. చూడాల్సింది చిల్లు ఎంతో.

మన నాణేలు తీసుకోండి. ఇప్పుడు చెలామణిలో ఉన్నవాటిలో 2011 వరసవి చూస్తే రూపాయి అడ్డంగా సుమారు 22 మిల్లీమీటర్లు, ఐదు రూపాయలు 23, రెండు రూపాయలు 25, పది రూపాయలు 27. ఆ వరసలో యాభై పైసల బిళ్ల కూడా 19. నాణేలు మాత్రమే కావాలంటే 15 మిల్లీమీటర్ల చిల్లులున్నా అన్నీ నిలుస్తాయి, ఇసుక కూడా టకటకా జారిపోతుంది. బయటి దేశాల నుంచి వచ్చే స్కూపుల్లో చాలావాటికి పెద్ద చిల్లులుండడానికి కారణం అదే: వాళ్లు వెతికేది నాణేలు, లావాటి ఉంగరాలు.

మన బీచ్‌లో పోయేవి అవి మాత్రమేనా? ముక్కుపుడక, చెవి దిద్దు, దిద్దు వెనక మర, కాలి మెట్టె, నల్లపూసల్లో గుచ్చిన గుండు, పిల్లల మురుగు. ముక్కుపుడక 12 మిల్లీమీటర్ల చిల్లులోంచి నవ్వుకుంటూ వెళ్లిపోతుంది. అందుకే నా లెక్కలో మన ఒడ్డుకి 7, 8 మిల్లీమీటర్ల చిల్లు సరైనది. అంతకంటే చిన్నదైతే తడి ఇసుక గుల్లలతో కలిసి మూసుకుపోయి, ఊపి ఊపి భుజం నొప్పి పుడుతుంది. 7 మిల్లీమీటర్లలోంచి కూడా సన్న గొలుసు కొసతో మొదలై మొత్తం జారిపోగలదు. దానికి స్కూపులో మందు లేదు, ఆఖరి గుప్పెడు చేత్తో గాలించాల్సిందే.

కాకినాడ దగ్గర ఉప్పాడలో తుపాను వెళ్లాక జనం ఒడ్డున కూర్చుని బంగారం నలకల కోసం ఇసుక గాలిస్తుంటారు. 2020 నవంబరులో నివర్ తుపాను తర్వాత అది దేశమంతా వార్త అయింది. వాళ్లు వాడింది ప్రధానంగా చేతులూ, కళ్లూ. గింజంత బంగారానికి ఏ స్కూపూ పనికిరాదు, మామూలు డిటెక్టర్లు చాలావరకు మోగవు కూడా.

ఇంకో సంగతి. గుండ్రటి చిల్లులే తీసుకోండి. కొన్ని చవక స్కూపులు కడ్డీలు వరసగా అతికించి బుట్టలా చేస్తారు, లేదా పొడుగాటి చీలికలు కోస్తారు. చూడ్డానికి సందు 8 మిల్లీమీటర్లే ఉంటుంది. కానీ రూపాయి బిళ్ల మందం రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు, నిలువుగా తిరిగిందంటే సందులోంచి దూరి వెళ్లిపోతుంది. ఉంగరమూ అంతే. గుండ్రటి చిల్లులో ఎటు తిరిగినా అడ్డు తగులుతుంది.

షాపుకి వెళ్లేటప్పుడు జేబులో ఒక రూపాయి బిళ్ల, ఒక గిల్టు దిద్దు వేసుకెళ్లండి. స్కూపులో వేసి ఊపి చూడండి. షాపువాడు వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

ఎంత పెద్దది?

చిన్నదే. లెక్క చూడండి: అడ్డం 15 సెంటీమీటర్లు, పొడవు 20 ఉన్న స్కూపులో మూడున్నర లీటర్లు పడుతుంది. తడి ఇసుక లీటరు రెండు కిలోలకి దగ్గరగా తూగుతుంది. అంటే ప్రతి తోడుకీ ఏడు కిలోలు, పైన స్కూపు బరువు. గంటలో ముప్పై సార్లు ఎత్తితే మర్నాడు ఆఫీసులో కుర్చీలోంచి లేవలేరు. అడ్డం 12, పొడవు 18 అయితే రెండు లీటర్లు, నాలుగు కిలోలు. రెండు సార్లు తోడాల్సి వచ్చినా ఇదే నయం.

విశాఖ నుంచి భీమిలి వైపు వెళ్తుంటే ఒడ్డున నల్ల ఇసుక చారలు కనిపిస్తాయి. అందులో ఇల్మెనైట్, గార్నెట్ లాంటి బరువైన ఖనిజాలుంటాయి. మామూలు ఇసుక రేణువు సాంద్రత 2.65 దాకా ఉంటే ఇల్మెనైట్‌ది 4.7 ప్రాంతం. అదే స్కూపు, అదే నిండుదనం, బరువు మాత్రం చాలా ఎక్కువ. సముద్రం రేగి తగ్గిన మర్నాడు ఈ చారలు బాగా తేలతాయి. అల తేలిక ఇసుకని తీసుకెళ్లి బరువైనదాన్ని వదిలేస్తుంది, ఉంగరాలూ నాణేలూ ఆ వరసలోనే చిక్కుకోవచ్చు. కాబట్టి అక్కడ తవ్వాలనే ఉంటుంది, చిన్న స్కూపుతో తవ్వండి. స్కూపుకి అయస్కాంతం అతికించమని కొందరు చెప్తారు; మన దగ్గర దానికి నల్ల ఇసుక గడ్డంలా పట్టుకుంటుంది, అంతకు మించి లాభం లేదు.

ఏ లోహం?

మామూలు ఇనుము మూడు వారాల ముచ్చట. జింకు పూత ఉన్నదాన్ని ఇసుకే గీకేస్తుంది, గీత పడిన చోట తుప్పు మొదలు. అల్యూమినియం తేలిక, ఉప్పుకి బాగానే ఆగుతుంది, కానీ మెత్తన. చేతి స్కూపుకి సరే, కాలితో తొక్కే పొడుగు స్కూపుకి పెదవి వంగిపోతుంది.

మిగిలింది స్టెయిన్‌లెస్ స్టీలు. ఇందులోనే మోసపోతాం. బజార్లో చవగ్గా దొరికే స్టీలు చాలావరకు 200 రకం, ముఖ్యంగా 202. నికెల్ తగ్గించి మాంగనీసు కలుపుతారు. వంటింట్లో మెరుస్తూనే ఉంటుంది, ఉప్పుగాలికి మచ్చలు పడుతుంది. మీకు కావాల్సింది 304. మాలిబ్డినం కలిసిన 316 సముద్రానికి ఇంకా మంచిది, కానీ వారానికోసారి వెళ్లి ఇంటికొచ్చి కడిగేవాళ్లకి ఆ తేడా డబ్బు దండగ. "అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలే" అని షాపువాళ్లు పెట్టి చూపిస్తారు. 202కి కూడా అంటుకోదు, ఆ పరీక్షకి అర్థం లేదు. బిల్లు మీద 304 అని రాయించుకోండి. రాయనంటే మీకు జవాబు దొరికినట్టే.

మెడ

నేను చేయించిన స్టీలు స్కూపు మూడో వారం విరిగింది. బుట్ట బాగుంది, కామ బాగుంది, రెండూ కలిసే చోట ఊడిపోయింది. పలచటి రేకు మీద పైపు మొనని నేరుగా అతికించి వదిలేశారు. కాలితో తొక్కి, కామని వెనక్కి వంచగానే ఆ కాస్త అతుకు మీద మొత్తం బరువు పడింది, రేకు కాగితంలా చిరిగి వచ్చేసింది. మీటరుకి పైగా పొడవున్న కామని వంచుతున్నారంటే మెడ మీద పడే బలం ఎంతో ఊహించుకోండి.

కాబట్టి కొన్నా, చేయించినా మెడ దగ్గర రెండు చూడండి. పైపు కింద రేకు మీద అదనంగా ఒక మందపాటి పట్టీ ఉందా? పైపుకీ బుట్టకీ మధ్య ఏటవాలుగా ఒక ఆసరా కడ్డీ ఉందా? రెండూ లేకపోతే ఎంత చవకైనా వద్దు. వెల్డింగ్ కూడా స్టెయిన్‌లెస్ రాడ్‌తోనే, 304కి 308ఎల్ రాడ్, చేయమనండి. ఆర్గాన్ వెల్డింగ్ చేసే షాపైతే మరీ మంచిది. చేతిలో ఉన్న మామూలు రాడ్‌తో కానిచ్చేస్తే అతుకు దగ్గరే ఎర్రగా తుప్పు కారుతుంది.

వెల్డింగ్ షాపులో ఏం చెప్పాలి

విదేశాల్లో అమ్మే పొడుగు కామ స్టీలు స్కూపులు తరచుగా నూరు, రెండు వందల డాలర్ల మధ్య ఉంటాయి. రవాణా, కస్టమ్స్ వేరే. గేట్లు, గ్రిల్స్ చేసే మన షాపులో నాకు సరుకూ కూలీ కలిపి రెండు వేల లోపే అయింది. నోటితో చెప్పకండి, కాగితం మీద బొమ్మ గీసి కొలతలు రాసివ్వండి.

బుట్టకి ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్ల మందం, 8 మిల్లీమీటర్ల చిల్లులున్న 304 షీటు. చిల్లులు పెట్టిన షీటే దొరుకుతుంది, మీరు పొడిపించుకోనక్కర్లేదు. దాన్ని 12 సెంటీమీటర్ల గొట్టంలా చుట్టించి, వెనక పక్క చిల్లుల రేకుతోనే మూయించండి. నోరు ఏటవాలుగా కోయాలి: పైన 14 సెంటీమీటర్లు, కింద 19. కింది పెదవికి చిల్లుల్లేని రేకు పట్టీ వేయాలి. వెనక పాదం ఆనించడానికి అరచేతి వెడల్పున ఒక పలక. కామ దూరడానికి ఒక పొట్టి పైపు గొట్టం, అడ్డంగా ఒక బోల్టు.

కామ కూడా స్టీలు పైపే పెట్టమంటారు. వద్దనండి. బరువు, ఖర్చు రెండూ పెరుగుతాయి. గట్టి వెదురు, లేదా మన తీరమంతా దొరికే సరుగుడు కర్ర పెట్టుకోండి. సరుగుడు బరువే కానీ తొందరగా విరగదు. వెదురు తేలిక, కణుపు దగ్గర బోల్టు పడేలా చూసుకోవాలి. నిలబెడితే కామ మీ నడుముకి జానెడు పైదాకా రావాలి. పొట్టిదైతే వంగుతూనే ఉంటారు.

పని అయ్యాక డబ్బిచ్చేముందు బుట్ట లోపల వేలు పెట్టి చిల్లుల చుట్టూ తడమండి. గరుకు తగిలితే ఆకురాయితో నున్నగా రుద్దించండి. బంగారం మెత్తటిది, ఆ గరుకుల మధ్య ఇసుకతో కలిపి ఊపితే ఉంగరం మీద గీతలే గీతలు. పెదవి అంచు కూడా కత్తిలా ఉండకూడదు, మొద్దుగా గుండ్రం చేయించండి. మా షాపు మేస్త్రీ దీనికి నవ్వాడు, "ఉంగరం దొరికాక రుద్దుదాం లెండి" అన్నాడు.

ఒడ్డున వాడేటప్పుడు

మొదటిరోజు డిటెక్టర్ ఇంట్లో పెట్టండి. తడి ఇసుకలో జానెడు లోతున రూపాయి బిళ్లలు ఓ ఐదు, ఆ గిల్టు దిద్దు పాతి, స్కూపుతో తీయండి. ఎన్ని తోళ్లలో వచ్చాయి, దిద్దు నిలిచిందా, మెడ కిర్రుమంటోందా, అన్నీ అప్పుడే తెలుస్తాయి.

డిటెక్టర్‌తో వెళ్లాక స్కూపుని కాయిల్‌కి దూరంగా, వెనక చేతిలో ఈడ్చుకుంటూ నడవండి. సిగ్నల్ మధ్య ఎక్కడో తేల్చుకుని, స్కూపు పెదవిని ఆ చోటి మీద కాదు, బెత్తెడు వెనక పెట్టి తొక్కండి. సరిగ్గా మీద దించితే వస్తువుకే తగులుతుంది. ఎత్తాక గోతి మీద కాయిల్ తిప్పండి. మోత ఆగిందంటే వస్తువు బుట్టలో ఉంది, అల అందే చోట అయితే నీళ్లలో రెండు ఊపులు ఊపండి, ఇసుక కారిపోతుంది. ఇంకా మోగుతుంటే అదే గోతిలో ఇంకో తోడు.

రూపాయి, రెండు రూపాయల స్టీలు బిళ్లల దగ్గర కంగారు పడకండి. వాటిలో అత్యధిక భాగం ఇనుమే, అయస్కాంతానికి అంటుకుంటాయి. ఇనుము వద్దని డిటెక్టర్‌కి చెప్పి పెడితే చాలాసార్లు వాటినీ వదిలేస్తుంది. స్కూపులో బిళ్ల వచ్చింది కానీ మోగలేదేమిటి అంటే కారణం ఇదే.

చేతికి తొడుగులు తప్పనిసరి. తుప్పు పట్టిన గాలాలు, సీసా పెంకులు, సోడా మూతలు, రేకు ముక్కలు మీకు బంగారం కంటే వందరెట్లు ఎక్కువ దొరుకుతాయి. నడుముకి రెండు అరల సంచి కట్టుకోండి, ఒకటి చెత్తకి. గోయి పూడ్చకుండా కదలొద్దు, చీకట్లో పరిగెత్తే పిల్లల కాలు అందులోనే పడుతుంది.

కొన్ని చోట్ల స్కూపు దించనే కూడదు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మన ఒడ్డున ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మూర లోతున గుడ్లు పెడతాయి. ట్రాక్టరు చక్రం పోయినట్టు ఇసుక మీద జాడ కనిపిస్తే, అటవీశాఖ వాళ్ల కంచె కనిపిస్తే దూరం జరగండి. ఎర్రమట్టి దిబ్బలు, తొట్లకొండ, బావికొండ లాంటి రక్షిత ప్రాంతాల పరిసరాలు, నేవీ హద్దులు అన్నీ వద్దు. ఫిరంగి గుండులాంటి ఇనుప వస్తువు ఏదైనా బయటపడితే కదపకుండా 112కి ఫోన్ చేయండి. పాతకాలపు నాణేల మూట లాంటిది దొరికితే 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకి రాతపూర్వకంగా తెలియజేయాలి. పది రూపాయల విలువ దాటితే చాలు, ఆ చట్టం వర్తిస్తుంది. నిన్నమొన్న ఎవరో పోగొట్టుకున్న ఉంగరమైతే పోలీస్ స్టేషన్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి.

ఇంటికొచ్చాక ముందు స్కూపుని మంచినీళ్లతో కడగండి, తర్వాతే మీ స్నానం. 304 అయినా ఉప్పు ఆరనిస్తే టీ మరకల్లాంటి మచ్చలొస్తాయి. బోల్టు విప్పి కామ తీసి, గొట్టంలో చేరిన ఇసుక దులిపి, బుట్టని బోర్లించి ఎండలో పెట్టండి. ఆరాక మెడ దగ్గర అతుకు మీద గోరుతో ఒకసారి గీయండి. గోరు ఎక్కడైనా ఆగిందంటే అక్కడ వెంట్రుక వాసి పగులు మొదలైంది, వచ్చే ఆదివారం బీచ్‌కి కాదు, వెల్డింగ్ షాపుకి.